మేముండగానే మా కిరాయి ఇల్లు అమ్ముడుపోయింది

ఇల్లు అమ్మకానికి పెట్టారని గల్లీలో తెలిసిన దగ్గర్నుంచి మమ్మల్ని అందరూ అడిగింది ఒకటే. "మరి మీరెప్పుడు ఖాళీ చేస్తున్నరు?" కూరగాయల బండి అతను కూడా అడిగాడు. అమ్మడం, ఖాళీ చేయడం ఒకటే పని అన్నట్టు ఉంటుంది ఇక్కడ అందరి లెక్క. ఆ రెండిటి మధ్య చాలా దూరం ఉంది. కిరాయికి ఉండేవాళ్ల మాట ఏమన్నా చెల్లితే ఆ మధ్యలోనే చెల్లుతుంది. హన్మకొండలో మాకది ఎలా జరిగిందో రాస్తున్నాను.

మేముండేది నయీంనగర్ దగ్గర ఒక గల్లీలో, కింది పోర్షన్. ఏళ్ల తరబడి అదే ఇల్లు. కిరాయి నెలకు 8,500, అడ్వాన్స్ రెండు నెలలది 17,000. మా ఆయన ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో గుమస్తా. నేను ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. పాప పదో తరగతి. ఓనర్ అంకుల్, ఆంటీ హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటారు. దసరా అయిన వారంలో అంకుల్ ఫోన్ చేసి, కొడుకు అక్కడ ఫ్లాట్ తీసుకుంటున్నాడనీ, ఇక్కడి ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నామనీ చెప్పారు. "మీకేం ఇబ్బంది లేదమ్మా, ఎవరన్నా వస్తే జర చూపించండి" అన్నారు. ఎప్పటిలోగా ఖాళీ చేయాలని అడిగితే, "చూద్దాం, పార్టీ దొరకనీ" అన్నారు.

ఆ "చూద్దాం" అనే మాట చాలా టెన్షన్ పెట్టింది. తారీఖు చెబితే దానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. తారీఖు లేకపోతే దీపావళికి ఇంటికి సున్నం వేయించాలా వద్దా, మిషన్‌కు కొత్త మోటారు కొనాలా వద్దా అన్నీ ఆగిపోతాయి. పాపకు మార్చిలో పరీక్షలు. నాకు మాఘమాసం నుంచి పెళ్లిళ్ల గిరాకీ. ఏడాది మొత్తంలో నేను నాలుగు డబ్బులు వెనకేసుకునేది అప్పుడే. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఇంటి గుర్తు పట్టుకుని వచ్చేవాళ్లే. అప్పుడే ఇల్లు మారితే సగం మంది వేరే చోట ఇచ్చేస్తారు. పైన ఉండే ఉద్యోగం పిల్లలు మాత్రం మాట విన్న నెలలోనే సామాన్లు బైకుల మీద పెట్టుకుని వెళ్లిపోయారు. వాళ్లకేముంది!

మా పెద్దమ్మ కొడుకు అదాలత్‌లో వకీలు. అన్నయ్య దగ్గరికి మా అగ్రిమెంట్ తీసుకుని వెళ్లాను. 100 రూపాయల స్టాంపు పేపర్ మీద 11 నెలలకు రాసుకున్నది, గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇక్కడ అందరూ 11 నెలలకే రాసుకుంటారట. గడువు తీరాక కూడా ఓనర్ కిరాయి తీసుకుంటూ పోతే అది నెలనెలా సాగే కిరాయి కింద లెక్క. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106 సెక్షన్ ప్రకారం దాన్ని ఆపడానికి 15 రోజుల నోటీసు చాలు. "ఇన్నేండ్లు ఉన్నా గంతేనా అన్నా?" అన్నాను. "గంతే చెల్లె" అన్నాడు. 1960 నాటి కిరాయి కంట్రోల్ చట్టం ఒకటుంది కానీ, కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన కిరాయిలకు అది వర్తించదు. మాకది లేనట్టే.

నా మొహం చూసి అన్నయ్య అసలు విషయానికి వచ్చాడు. ఆ 1882 నాటి చట్టంలోనే 109 సెక్షన్ ఉంది. ఇల్లు కొన్నవాళ్లు పాత ఓనర్ స్థానంలోకి వస్తారు, కిరాయిదారు మాత్రం అలాగే ఉంటాడు. అమ్మినంత మాత్రాన కిరాయి రద్దు కాదు. ఇల్లు చేతులు మారిన సంగతి మనకు తెలియక పాతాయనకే కిరాయి కడితే, కొత్తాయన ఆ నెలది మళ్లీ అడగడానికి లేదు. నోటీసు ఇచ్చాక కూడా మనం కదలకపోతే కోర్టు ద్వారా ఖాళీ చేయించుకోవాలి తప్ప తాళం పగలగొట్టడం, కరెంటు పీకేయడం కుదరదు.

కోర్టుకెక్కి ఇంట్లో కూర్చోవడం మా ఇంటా వంటా లేదు. అన్నయ్య కూడా అది చేయమని చెప్పలేదు. "కొనేటోడికి ఖాళీ ఇల్లు కావాలె. నువ్వు మంచిగ ఖాళీ చేస్తవన్న నమ్మకం మీ ఓనర్‌కు కావాలె. ఆ మాట నీ దగ్గరుంది. ఊరికె ఇయ్యకు" అన్నాడు. తర్వాత మేం చేసినదంతా ఈ ముక్క పట్టుకుని చేసినదే.

ఇక చూడ్డానికి వచ్చేవాళ్ల సంగతి. ఇది అనుభవిస్తే తప్ప తెలియదు. మొదటి బ్రోకర్ మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ కూడా చేయకుండా నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. కోసిపెట్టిన జాకెట్ గుడ్డలు కింద పరిచి ఉన్నాయి, వాటి మీదుగా నడిచారు. ఒకావిడ చెప్పులతో దేవుడి గది గడప దాకా వచ్చింది. ఇంకొకాయన మా బీరువా తలుపు తీసి చూశాడు. బీరువా ఇంటితో పాటు రాదు కదా! తర్వాత వాస్తు సిద్ధాంతి వచ్చాడు. దిక్సూచి పెట్టి, టేపు పట్టి, నడుం వాల్చిన అత్తమ్మను లేపి ఆ మంచం కింద కొలిచాడు. వాయవ్యం పెరిగిందని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రాత్రి అత్తమ్మ, "ఇన్నేండ్ల సంది నా మోకాళ్లు గందుకే నొస్తున్నయేమో" అంది. ఇంటి దోషం కొనేవాళ్లకే కాదు, ఉండేవాళ్లకూ చుట్టుకుంటుంది.

ఇలా కుదరదని అంకుల్‌కు వాట్సాప్‌లో మర్యాదగానే రాశాను. ఇల్లు చూపించడానికి మాకేం అభ్యంతరం లేదు. ఆదివారం పొద్దున, బుధవారం సాయంత్రం మాత్రమే. ముందు రోజు ఫోన్ చేయాలి. మీరు పంపినట్టు మీ నుంచి మెసేజ్ రావాలి. మేం ఇంట్లో లేనప్పుడు ఎవరికీ తాళం ఇవ్వం. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా కిరాయి చట్టంలో ఓనర్ లోపలికి రావాలన్నా 24 గంటల ముందు చెప్పాలని ఉంది. రాష్ట్రాలు తమ చట్టం చేసుకుంటే తప్ప అది అమలు కాదు కానీ, నలుగురికీ సబబుగా తోచే పద్ధతే కదా అని ఆ మాట కూడా కలిపాను. అంకుల్ ఒక్క బొటనవేలు గుర్తు పంపారు. ఆ గుర్తు మాకు చాలా పని చేసింది. వేళ కాని వేళ వచ్చిన బ్రోకర్లకు గుమ్మంలోనే ఫోన్ చూపించి పంపేసేదాన్ని. నామీద అంకుల్‌కు చాడీలు వెళ్లాయి కూడా.

ఒక బ్రోకర్ ఇల్లంతా వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. మా బంధువు ఒకాయనకే అది తిరిగి తిరిగి చేరింది. అందులో గోడ మీద పాప ఫోటో, స్కూలు పేరుతో సహా ఉన్న టైంటేబుల్, మా గ్యాస్ బుక్కు అన్నీ కనిపిస్తున్నాయి. ఆ రోజు మాత్రం గొంతు పెంచాను. వీడియో తీసేయించి, గోడలు మాత్రమే పడేట్టు మళ్లీ నేనే దగ్గరుండి తీయించాను. ఇల్లు వాళ్లదే కానీ లోపల కనిపించేది మా సంసారం. ఇల్లు చూపిస్తున్నవాళ్లెవరైనా ముందే గోడల మీద కాగితాలు తీసి పెట్టుకోవడం మంచిది.

అన్నిటికన్నా ఇరకాటం పెట్టిన ప్రశ్న ఒకటుంది. వచ్చిన ప్రతివాళ్లూ బ్రోకర్ అటు తిరగ్గానే గొంతు తగ్గించి అడిగేవారు: "అక్కా, వానలకు నీళ్లొచ్చినయా?" వరంగల్‌లో ఇప్పుడు ఇల్లు కొనేవాళ్లు వాస్తు కంటే ముందు అడిగేది అదే. 2020 ఆగస్టు, 2023 జూలై వానలు చూసినవాళ్లెవరూ మర్చిపోరు. నయీంనగర్ నాలా పొంగి కరీంనగర్ రోడ్డు మీద నీళ్లు పారాయి. బ్రోకర్ నాతో ముందే అన్నాడు, "రాలేదని చెప్పక్కా, నీదేం పోయింది?" అని. అబద్ధం చెబితే కొన్నవాళ్లు రేపు నన్ను తిడతారు. నిజం చెబితే బేరం చెడిందని అంకుల్ తిడతారు. అంకుల్‌నే అడిగాను. ఆయన కాసేపు ఆగి, "ఉన్నదున్నట్టు చెప్పమ్మా, దాచినా పక్కింటోళ్లు చెప్తరు" అన్నారు. పెద్దమనిషి అనిపించింది. 2023లో గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి, మా అరుగు రెండో మెట్టు దాకా వచ్చాయి, గడప దాటలేదు. అదే చెప్పాను. కొందరు అది విని వెళ్లిపోయారు. ఇల్లు అమ్మకానికి ఉన్నన్నాళ్లూ కిరాయిదారే అసలు సాక్షి. ఆ మాటకు బ్రోకర్ ఎంత భయపడతాడో అప్పుడే చూశాను.

కార్తీకంలో మొదటి పార్టీ కుదిరింది. బయానా, అంటే బేరం ఖాయం చేసుకునే ముందు డబ్బు, ఇచ్చారు. అదే రోజు సాయంత్రం బ్రోకర్ వచ్చి, "నెలాఖరుకు ఖాళీ చేయాలక్కా, పార్టీ చాలా తొందరలో ఉన్నరు" అన్నాడు. మా ఆయన కంగారుపడి బాలసముద్రంలో ఒక ఇంటికి టోకెన్ ఇద్దామన్నాడు. నేను ఆపాను. బయానా అయితే అమ్మకం అయినట్టు కాదు, రిజిస్ట్రేషన్ కావాలి. కొనేవాళ్లు లోన్‌కు వెళ్లారు. బ్యాంకు ఇంజనీర్ వచ్చి కొలతలు తీసుకున్నాడు. పై ఫ్లోర్‌కు పర్మిషన్ కాగితం లేదని బ్యాంకు వాళ్లు ఒప్పుకోలేదట, బేరం పోయింది. బయానా గొడవ వాళ్లలో వాళ్లకు చాలా రోజులు నడిచింది, అది మాకు సంబంధం లేదు. ఆ తొందరకు మేం లేచిపోయి ఉంటే, పరీక్షల ముందు పాపను, గిరాకీ ముందు నన్ను వేరే గల్లీలో పడేసి, ఈ ఇల్లు మాత్రం ఖాళీగా ఇక్కడే ఉండేది.

ఈ మధ్యలో బోరు మోటారు కాలిపోయింది. అమ్మే ఇంటికి ఎందుకు ఖర్చు పెట్టాలని ఓనర్లకు అనిపిస్తుంది, సహజం. నల్లా నీళ్లు తాగడానికే సరిపోతాయి. అంకుల్‌కు మెసేజ్ పెట్టి రెండు మూడు రోజులు చూశాం. "చూద్దాం" అనే జవాబు వచ్చింది. అన్నయ్యను అడిగితే, ఓనర్ చేయించాల్సిన రిపేరును చెప్పినా చేయించకపోతే కిరాయిదారు చేయించి ఆ ఖర్చును కిరాయిలో పట్టుకోవచ్చని చట్టంలోనే ఉందన్నాడు. మోటారు వైండింగ్ చేయించి, బిల్లు ఫోటో అంకుల్‌కు పంపి, ఆ నెల కిరాయిలో అంత తగ్గించి వేశాం. ఆంటీ ఫోన్ చేసి నాలుగు మాటలు అంది. పడ్డాను.

రెండో పార్టీ భూపాలపల్లి నుంచి వచ్చారు. ఆయన సింగరేణిలో ఉద్యోగం, పిల్లల చదువుల కోసం హన్మకొండలో ఇల్లు చూస్తున్నారు. బ్రోకర్ పాట మాత్రం పాతదే: "వీళ్లు అర్జెంటక్కా, సంక్రాంతికల్లా దిగుతరట." అత్తమ్మ పుష్యమాసంలో ఇల్లు మారే ప్రసక్తే లేదని భీష్మించుకుంది. శూన్యమాసంలో పొయ్యి కదపొద్దంటారు. నేను అత్తమ్మను సాకుగా వాడుకున్నానని చెప్పాలి, నాకూ ఆ నెల కదలాలని లేదు.

రెండోసారి ఇల్లు చూడ్డానికి ఆయన భార్య కూడా వచ్చింది. బ్రోకర్ బయట ఫోన్‌లో ఉన్నాడు. టీ ఇచ్చి మామూలుగానే అడిగాను, "ఎప్పుడు దిగుదామనుకుంటున్నరు చెల్లె?" అని. "ఇప్పుడెందుకక్కా, పిల్లల స్కూలు అక్కడ నడుస్తుంది గదా. మాకు జూన్‌లనే. అప్పటిదాకా ఖాళీ పెట్టుడేనా అని మా ఆయన బాధపడుతుండు, ఈఎంఐ మొదలైతది గదా" అంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్లకు జూన్ దాకా ఇల్లు అక్కర్లేదు. మాకు పరీక్షలు అయ్యేదాకా ఇల్లు కావాలి. మరి సంక్రాంతి ఎవరిది? ఆరా తీస్తే, అంకుల్‌కు కావాల్సింది రిజిస్ట్రేషన్ తొందరగా కావడం. హైదరాబాద్ ఫ్లాట్‌కు వాయిదా దగ్గర పడుతోంది. ప్రభుత్వం మార్కెట్ విలువలు పెంచుతుందన్న పుకారు ఒకటి అప్పుడు తిరుగుతోంది. విలువ మీద 7.5 శాతం స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు కాబట్టి కొనేవాళ్లకూ అది తొందరే. బ్రోకర్‌కు కమీషన్ రిజిస్ట్రేషన్ రోజు వస్తుంది. కిరాయిదారు ఉంటే ఎక్కడ బేరం తేడా కొడుతుందో అని ముందే మమ్మల్ని పంపేస్తే అతనికి నిశ్చింత. అందరి తొందరా కాగితం గురించే. ఇంట్లో మనుషులు ఎప్పుడు దిగాలన్నది ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఆ సాయంత్రమే అంకుల్‌కు ఫోన్ చేశాను. ఏప్రిల్ 30కి ఖాళీ చేస్తామని సంతకం పెట్టి ఇస్తాం. రిజిస్ట్రేషన్ మీరు ఎప్పుడైనా చేసుకోండి. అయితే మా అడ్వాన్స్ సంగతి రిజిస్ట్రేషన్‌కు ముందే తేలాలి. అంకుల్ అక్కడ ఆగిపోయారు. "అది కొత్త ఓనర్ ఇస్తడమ్మా, పద్ధతి అదే" అన్నారు. భూపాలపల్లి ఆయన్ని అడిగితే, "నేను తీసుకోని పైసలు నేనెట్ల ఇస్త?" అన్నాడు. ఇద్దరిదీ న్యాయంగానే ఉంది, మధ్యలో 17,000 మావి. కిరాయి ఇళ్లు అమ్ముడుపోయినప్పుడు డబ్బు ఎక్కువగా మునిగేది ఇక్కడేనని అన్నయ్య చెప్పాడు. డబ్బు ముట్టిన మనిషి ఊళ్లో ఉండడు, ఊళ్లో ఉన్న మనిషికి డబ్బు ముట్టలేదు.

మేం అడిగింది ఇది: డిసెంబరు, జనవరి కిరాయి మేం కట్టం, అడ్వాన్స్‌లో చెల్లు. అలా అయితే అంకుల్ చేతి నుంచి రూపాయి ఇవ్వాల్సిన పని లేదు. దానికి ఆంటీ ఒప్పుకోలేదు. ఇక్కడి అలవాటు ప్రకారం ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల కిరాయి కోసుకుంటారు. "గోడలకు మేకులు కొట్టిండ్రు గదా" అంది. కొన్నవాళ్లు ముందు గది గోడే పగలగొట్టి హాలు పెద్దది చేయిస్తామని మా ముందే అనుకున్నారు. కూలగొట్టే గోడకు రంగు ఎవరికి ఆంటీ అన్నాను. చివరికి పెయింటింగ్ కింద సగం నెల కిరాయికి తెగింది. నాకు ఇప్పటికీ అది దండగే అనిపిస్తుంది, కానీ ఆ 4,250 దగ్గర పట్టుబడితే మిగతాది చిక్కుల్లో పడేది.

కాగితం అన్నయ్యే రాశాడు. ఒక్క పేజీ. ఫలానా తారీఖు దాకా ఉంటాం, రిజిస్ట్రేషన్ అయిన తర్వాతి నెల నుంచి కిరాయి 8,500 కొత్త ఓనర్‌కు కడతాం, పాత అడ్వాన్స్ పూర్తిగా చెల్లయింది, కొత్త ఓనర్ దగ్గర అడ్వాన్స్ ఏమీ లేదు, ఖాళీ చేసే రోజు దాకా కరెంటు బిల్లు మాది. అంకుల్, కొన్నాయన, మా ఆయన ముగ్గురూ సంతకాలు పెట్టారు. సాక్షి సంతకం నాది.

మాఘమాసం రాగానే రిజిస్ట్రేషన్ అయింది. అయిందని నోటిమాటగా చెబితే సరిపోదని, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీసి చూశాం. కొత్తాయన పేరు, దస్తావేజు నంబరు కనిపించాకే ఫిబ్రవరి కిరాయి ఆయనకు ఫోన్‌పే చేశాం. ఆయనకు ఈఎంఐలో కొంత కలిసొచ్చింది, మాకు మా పెళ్లిళ్ల సీజన్ మా గల్లీలోనే గడిచింది.

ఇల్లు వెతకడం గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. టు-లెట్ బోర్డు కనిపించిన ప్రతి చోటా ముందు కులం, తర్వాత ఎంతమంది అనీ, మిషన్ అనగానే "చప్పుడు వస్తదేమో" అనీ. గ్రౌండ్ ఫ్లోర్ కావాలంటే వెయ్యి ఎక్కువ. పాప పరీక్షలు అయ్యాక గోపాలపూర్‌లో ఒకటి కుదిరింది, 9,500. గిరాకీ కోసం పాత ఇంటి గేటు మీద నా ఫోన్ నంబరు రాసిన అట్ట ఉంచుకోనిచ్చారు కొత్తవాళ్లు.

ఖాళీ చేసిన రోజు మీటర్ రీడింగ్ ఫోటో తీసి, ఇల్లంతా ఒక వీడియో తీసి కొన్నాయనకు పంపి, తాళాలు ఆయన చేతికే ఇచ్చాం. బ్రోకర్ మధ్యలో వచ్చి తీసుకుంటానన్నాడు, ఇవ్వలేదు. గృహజ్యోతి పథకం కింద జీరో కరెంటు బిల్లు మాకు పాత ఇంటి సర్వీసు నంబరు మీద వచ్చేది. కొత్త ఇంటి నంబరుకు మార్పించుకోవడానికి రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని కార్పొరేషన్ ఆఫీసుకు తిరగాల్సి వచ్చింది. ఆ మధ్య వచ్చిన బిల్లు మేమే కట్టుకున్నాం.

గోపాలపూర్ ఓనర్‌తో అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు ఒక వాక్యం నేను కలపమన్నాను: ఇల్లు అమ్మదలిస్తే రెండు నెలల ముందు చెప్పాలి, అడ్వాన్స్ రిజిస్ట్రేషన్‌కు ముందే ఇవ్వాలి, ఇల్లు చూపించేది ఆదివారం మాత్రమే. ఆయన అది చదివి, "ఇప్పుడే కట్టుకున్న ఇల్లు, నేనెందుకు అమ్ముతనమ్మా?" అన్నాడు. అమ్మకపోతే ఆ వాక్యంతో మీకు పనే పడదు కదా అన్నాను. రెండు నెలలను నెలన్నర చేసి సంతకం పెట్టాడు.